అరచేతంత చిల్లు

హోటల్ గుమ్మం మీది ప్లాస్టిక్ బోర్డుకు అరచేతంత చిల్లు కనిపించగానే శేషగిరి చేతిలోని పాల క్యాన్ మంచులో పడింది.

కెనడాలోని ఒషావాలో ఆ బోర్డు వయసు నలభై ఏళ్ళు. లోపల ట్యూబ్‌లైట్లు, పైన మీగడ రంగుకు తిరిగిన ప్లాస్టిక్, దాని మీద ఎర్ర బూటు బొమ్మ. చెప్పులు బాగుచేసే షాపు పోయి ఇడ్లీ హోటల్ వచ్చినా బోర్డు కదల్లేదు. బిల్డింగ్ ఓనర్ వీరభద్రరావుకు అదంటే ప్రాణం.

"ఎల్ఈడీ బోర్డులు కళ్ళలో పొడుస్తాయయ్యా. ఇది వెన్నలా వెలుగుతుంది. దీనికి గీత పడితే లీజు రెన్యూ చెయ్యను" అని ముందే చెప్పేశాడు.

లీజు సంతకాలు ఈ ఉదయం పదింటికే. ఇప్పుడు ఎనిమిది.

"పిండి బకెట్ మూత కోసి అతికిద్దామండీ" అంది భార్య రాగిణి.

అతికించారు. సున్నం పూసినట్టు తెల్లగా మెరిసింది.

"కాస్త పసుపు రాస్తే కలిసిపోతుంది."

రాశారు. గుడ్డుసొనలా తయారైంది.

"నీ పసుపు పాడుగాను! కడుగు!"

"ప్లాస్టిక్‌కి పట్టిన పసుపు పోతుందా? మీ లంచ్ డబ్బాలు చూళ్ళేదూ? బోర్డంతా రాసేయండి, తేడా తెలీదు."

శేషగిరి నిచ్చెనెక్కి మాప్‌తో బోర్డంతా పసుపునీళ్ళు పట్టించాడు. బయట మైనస్ ఇరవై. పట్టించిన నీళ్ళు పట్టించినట్టే గడ్డకట్టి, అంచు నుంచి పచ్చటి మంచు చువ్వలై వేలాడాయి. దారిన పోయే ఒకామె వాటిని చూసి, తన కుక్కను అనుమానంగా అవతలికి లాక్కుపోయింది.

"వేడినీళ్ళు కొడితే కరుగుతుంది" అంటూ రాగిణి ఇడ్లీపాత్ర అందించింది.

కొట్టాడు. ఠప్పుమంది. బోర్డు నిలువునా చీలి, బూటు రెండు ముక్కలై పేవ్‌మెంట్ మీద పడింది. పైన ట్యూబ్‌లైట్లు మాత్రం సిగ్గులేకుండా వెలుగుతున్నాయి.

అప్పుడే వీరభద్రరావు కారు వచ్చి ఆగింది.

మూడేళ్ళుగా ఇద్దరూ నడుములు విరుచుకుని నిలబెట్టిన హోటల్ ఇక లేనట్టే. శేషగిరి నిచ్చెన మీదే బిగుసుకుపోయాడు.

"రావుగారూ... రాత్రి గాలి... బాగా వీచిందండీ."

వీరభద్రరావు ముక్కల వైపు చూశాడు. "పసుపు కూడా పూశావా తల్లీ!" అని రాగిణికి దండం పెట్టాడు. లీజు కాగితాలు తీసి, అక్కడే కారు మీద పెట్టి సంతకం చేసేశాడు.

"నన్ను కాపాడ్డానికి అబద్ధాలెందుకు శేషగిరీ? నిన్న మంచు దులుపుదామని చీపురుకర్రతో తట్టింది నేనే. అరచేతంత చిల్లు పడింది. చెప్పడానికి మొహం చెల్లక ఇంటికెళ్ళిపోయా. తెల్లారేసరికి అది ఇంతవుతుందని నాకేం తెలుసయ్యా!"