మలుపులో మోగిన బెల్లు

ఆదివారం పొద్దున తొమ్మిదికి కూర్చుని, పన్నెండుకల్లా డ్రిఫ్ట్ నేర్చేసుకోవాలని హిరుకావా తెప్పేయి ప్లాను. వెనక చక్రాలు జారిస్తూ బండిని అడ్డంగా మలుపు తిప్పడమే డ్రిఫ్ట్. అదీ నిజం బండి కాదు, టీవీలో ఆడే కార్ల పందెం. నుమాతా ఊళ్ళో ఇరవై రెండేళ్ళుగా డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెబుతున్న మనిషికి ఇదేం ఖర్మ అంటే, కొత్తగా చేరిన టీచరు నానసే నలుగురిలో "సార్‌కి ఆటలో కూడా బండి జారదు" అంది. ఈయనకి పౌరుషం పొడుచుకొచ్చింది. పన్నెండుకి ఇద్దరూ ఎవరింట్లో వాళ్ళు కూర్చుని నెట్‌లో పందెం. ఓడినవాళ్ళు శనివారం పిల్లల రోడ్డు భద్రత పండగలో ట్రాఫిక్ సిగ్నల్ వేషం కట్టాలి. ఆ వేషం తలుచుకుంటేనే ఆయనకి చెమటలు పడుతున్నాయి.

"ఏవండీ, ఆ టైర్ల కీచులు గోడలు దాటుతాయి. ముందు పైవాళ్ళకీ కిందివాళ్ళకీ ఓ మాట చెప్పి రండి," అంది భార్య సనాయె, రెండు స్వీటు డబ్బాలు చేతిలో పెట్టి.

తెప్పేయి కింది వాటాలో ఒదాజిమా మామ్మగారికొకటి, పై వాటాలో కుమగాయి గారికొకటి ఇచ్చి, నడుం వంచి, "ఈ పూట కాస్త చప్పుడవుతుంది, మన్నించాలి," అన్నాడు. ఏం చప్పుడో చెప్పలేదు. బండి జారకుండా నడపడం నేర్పేవాడు, జారించడం నేర్చుకుంటున్నానని ఏ మొహంతో చెబుతాడు?

ఇంటికొచ్చి స్టీరింగు బల్లకి బిగించి, పెడళ్ళు కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. మొదటి మలుపు రాగానే ఎడమకాలు దానంతటదే బ్రేకు తొక్కింది. ఇరవై రెండేళ్ళు పక్క సీట్లో కూర్చుని, టీచరు కోసం అక్కడుండే రెండో బ్రేకు తొక్కి శిష్యుల ప్రాణాలు కాపాడిన కాలు మరి. బండి మర్యాదగా ఆగింది.

రెండోసారి మొదలుపెట్టాడో లేదో బెల్లు మోగింది. కుమగాయి గారు, పియర్ పళ్ళ బుట్టతో.

"మీరిచ్చాక మేం ఊరుకుంటే బావుంటుందా?"

ఆయన వెళ్ళాక సనాయె ఆ పళ్ళు చూసి కంగారుపడింది. "మనమిచ్చినదానికంటే ఇవి చాలా ఎక్కువండీ. ఈ టీ పొట్లం పైకి ఇచ్చి రండి."

ఇచ్చి వచ్చాడు. బండి తీశాడు. మళ్ళీ బెల్లు. ఈసారి టీకి బదులు బియ్యపు బిస్కెట్లు. మళ్ళీ మెట్లెక్కాడు. బండి మాత్రం అదే మలుపు దగ్గర నిలబడి ఉంది.

పదకొండున్నరయింది. కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే కూర్చోవాలనిపిస్తోంది, ఒళ్ళంతా చీమలు పాకుతున్నట్టుంది. అంతలో ఒదాజిమా మామ్మగారు తన వంతుగా కొత్త తువ్వాలు పట్టుకొచ్చింది. ఇక దాచలేక తెప్పేయి సంగతంతా కక్కేశాడు.

మామ్మగారు టీవీలోని కొండదారి వంక చూసింది. "ముప్పై ఏళ్ళు క్యాబేజీ లారీ తోలాను నాయనా, ఇలాంటి కొండమీదే. మంచు పడితే మనం జారించక్కర్లేదు, అదే జారుతుంది. గోడ వైపు చూడకు, నువ్వెటు పోవాలో అటు చూడు. బండి తోక ఎటు జారితే స్టీరింగు అటు తిప్పు. బ్రేకు జోలికి పోకు."

"కాలు నా మాట వినట్లేదండీ."

"అయితే కట్టెయ్."

సనాయె ఆ కొత్త తువ్వాలుతోనే మొగుడి ఎడమకాలిని కుర్చీకి బిగించి కట్టింది.

బండి జారింది. పన్నెండుకి పందెం మొదలయ్యాక కూడా జారింది. మూడో మలుపులో నానసే ఎర్రబండిని దాటి మరీ జారింది. తన యాభై ఒక్కేళ్ళ ఒంట్లో ఇంత సంతోషం ఉందని తెప్పేయికే తెలియదు. ఇక మిగిలింది చివరి మలుపు ఒక్కటే.

బెల్లు మోగింది.

"వస్తున్నానండీ," అంటూ పొద్దున్నుంచి పడ్డ అలవాటు కొద్దీ తెప్పేయి లేచాడు. కాలు రాలేదు. కుర్చీ వచ్చింది, స్టీరింగు వచ్చింది, బల్ల వచ్చింది, దానిమీది పళ్ళబుట్ట వచ్చింది. సనాయె తలుపు తీసేసరికి నానసే ఎర్రబండి నింపాదిగా గీత దాటింది.

గుమ్మంలో కుమగాయి గారు చెవుల్లోంచి దూది తీసుకుంటూ నిలబడ్డాడు. "పొద్దున్నుంచి దూది పెట్టుకుని కూర్చున్నామండీ. ఇంతకీ ఆ చప్పుడెప్పుడు మొదలవుతుంది?"

"ఇప్పుడే అయిపోయిందండీ," అన్నాడు తెప్పేయి నేలమీంచి.

శనివారం ఆయన సిగ్నల్ వేషంలో నిలబడ్డ చోటికి ఒదాజిమా మామ్మగారూ కుమగాయి గారూ పనిగట్టుకుని వచ్చి, చెరొక స్వీటు డబ్బా చేతిలో పెట్టి వెళ్ళారు.