ఆరుగురు గేరు మాస్టార్లు, ఒక అద్దం

నాగరికత అంటే మరేమీ కాదు, ఒక మనిషి ఒంటిచేత్తో చేసుకుపోయే పనిని ఆరుగురు కలిసినా చేయలేని స్థాయికి తీసుకురావడం. ఆ లెక్కన చూస్తే, విడిచిన వాహనాల ప్రాంగణాన్ని మించిన నాగరిక ప్రదేశం భూమ్మీద ఇంకొకటి లేదు.

ఆ ప్రాంగణంలో ఒక ఎర్ర కారు ఉంది. రెండు తలుపులు, రెండే సీట్లు, ఇంజనులో నాలుగు వందల గుర్రాల బలం. దాని యజమాని రిటైరైన పళ్ళ డాక్టరు. ఒక ఉదయం ఆయన దాన్ని స్వయంగా నడుపుకుంటూ ఆసుపత్రికి వెళ్ళి, రెండు గంటల గడువున్న పార్కింగు చీటీ తీసుకుని, కారు కింద నిలిపి తను పైకి వెళ్ళాడు. మళ్ళీ దిగి రాలేదు. చీటీ గడువు దాటినందుకు కారును లాక్కొచ్చి ఇక్కడ పడేశారు. (చనిపోవడం గడువు దాటడానికి తగిన కారణం కాదని నిబంధనల్లో స్పష్టంగానే ఉంది. కనీసం ముందుగా తెలియజేసి ఉంటే పరిశీలించేవారు.)

ఆ డాక్టరుకు ఒక అక్క ఉంది. ప్రాంగణంలో అందరూ ఆవిడను పెద్దమ్మ అంటారు. ఇంటికి తాళం వేసి, లాగి చూసి, వీధి మలుపు దాకా వచ్చి, ఎందుకైనా మంచిదని మళ్ళీ వెనక్కి వెళ్ళి లాగి చూసే మనిషి. ఎవరైనా ఊరెళ్తుంటే వాళ్ళు గడప దాటకముందే ఆవిడ దేవుడికి ముడుపు కడుతుంది. అలాంటి మనిషి, పుట్టి బుద్ధెరిగాక సైకిలు కూడా తొక్కని మనిషి, ఇప్పుడు ఈ ఎర్ర కారు నేర్చుకుంటోంది. తప్పదు మరి. శక్తివంతమైన వాహనాన్ని వారసులకు ఊరికే చేతిలో పెట్టరు. వారసులే దాన్ని నడుపుకుంటూ గేటు దాటాలి. నేర్చుకునేది కూడా ఆ కారులోనే, ఆ ప్రాంగణంలోనే, ప్రాంగణాన్ని నడిపే శాఖవారి మాస్టార్ల దగ్గరే. నెలాఖరులోగా దాటలేదో, మూలనున్న యంత్రం కారును నొక్కి పరుపంత చేసి అవతల పడేస్తుంది. ఆ యంత్రం నడిపే అతను మంచివాడు. రోజూ టీ తాగుతూ ఎర్ర కారు చుట్టూ ఒకసారి తిరిగి, దర్జీ చూసినట్టు చూసి వెళ్ళేవాడు.

తమ్ముడి కూతురు ఫోనులో చెప్పి చూసింది. "నాన్నే పోయాక కారెందుకత్తా, పోనీ. ఈ వయసులో నువ్వు రేసు కారెక్కితే నలుగురూ నవ్వుతారు."

"నవ్వనీ తల్లీ," అంది పెద్దమ్మ. కారెందుకో విడమరిచి చెప్పడానికి అదేమంత ఘనమైన విషయమూ కాదు. తమ్ముడు ఆరడుగుల మనిషి. సీటు వెనక్కంటా జరిపి ఉండేది. అద్దం అతని కళ్ళ ఎత్తుకు వంచి ఉండేది. ఇంట్లో అతని చొక్కాలు పంచేశారు, చెప్పులు ఎవరో తీసుకెళ్ళారు, మంచం మడిచేశారు. అతని కొలతకు అతని చేత్తో సర్దినట్టే మిగిలినవి లోకంలో ఆ రెండే.

ఇక గేర్ల సంగతి. పూర్వం ఒకే మాస్టారు అన్ని గేర్లూ నేర్పేవాడట. ఒకే మనిషి చేతిలో అంత అధికారం ప్రమాదమని ఒక సంఘం తేల్చింది. అప్పటి నుంచి గేరుకో మాస్టారు, ఆరుగురి సంతకాలూ పడితేనే గేటు తెరుచుకునేది. మొదటి గేరు మాస్టారు రెండో గేరు జోలికి పోడు, రెండో ఆయన మూడో గేరు వైపు కన్నెత్తి చూడడు. రివర్సు గేరు పోస్టు ఖాళీ, ఎందుకంటే శాఖ దేనిలోనూ వెనక్కి పోదు. క్లచ్ మాత్రం అన్ని గేర్లకూ ఉమ్మడి గనక ఎవరికి వారు అది పక్కవాళ్ళ పనే అన్నారు. అందరూ అందలమెక్కితే మోసేదెవరు? క్లచ్ ఎవరూ నేర్పరు. (నాలుగు వందల గుర్రాలంటున్నారు కాబట్టి పశువైద్యుడి ధ్రువపత్రం కూడా కావలసి వచ్చింది. ఆయన వచ్చి, బానెట్ ఎత్తించి చూసి, "అన్నీ కుదురుగా ఉన్నాయి" అని రాసి సంతకం పెట్టాడు.)

మొదటి రోజు పెద్దమ్మ ఇంటి నుంచి తెచ్చిన రెండు దిండ్లు వీపు వెనక పెట్టుకుని ఎక్కింది. మొదటి గేరు మాస్టారు పక్కన కూర్చుని, అలవాటుగా అద్దం మీదికి చెయ్యి పోనిచ్చాడు. ఆవిడ అతని మణికట్టు పట్టుకుంది.

"ఏంటి పెద్దమ్మా, అద్దం సరిచేసుకోకుండా బండి ఎలా తీస్తారు? అది నిబంధన."

"అప్పగింత అయ్యేదాకా బండిలో ఏదీ కదల్చకూడదని గోడ మీద రాశారుగా నాయనా. అదేంటి మరి?"

మాస్టారు దిగి వెళ్ళి గోడ చదివాడు. మిగిలిన అయిదుగురూ వచ్చి చదివారు. రెండూ నిబంధనలే. ప్రాంగణాధికారి, అంటే అక్కడ టేబులుకు గాజు పలక ఉన్న ఏకైక వ్యక్తి, చాలాసేపు ఆలోచించి, విషయాన్ని పై ఆఫీసుకు నివేదించాడు. జవాబు వచ్చేదాకా అద్దం ఎలా ఉందో అలాగే ఉండాలి. పెద్దమ్మకు ఆ రాత్రి హాయిగా నిద్ర పట్టింది. పై ఆఫీసుకు వెళ్ళిన కాగితమంత భద్రమైనది ఇంకేముంది? ఆవిడ భర్త పింఛను కాగితం అక్కడికి వెళ్ళే నాటికి ఆయన బతికున్నాడు.

దిండ్లకు ఆనుకుని కూర్చున్న ఆవిడకు ఆ అద్దంలో కారు పైకప్పు తప్ప ఏమీ కనిపించేది కాదు. ఆవిడకు అది చాలు.

పాఠాలు సాగాయి. ఎక్కడికని అడగొద్దు, సాగాయి. మొదటి గేరులో కారు కదిలేది. కదలగానే ఆపాలి. మొదటి మాస్టారు దిగి, రెండో మాస్టారు ఎక్కాలి కదా, ఉన్నది ఒక్క సీటు. ఆయన ఎక్కి, పెద్దమ్మ క్షేమసమాచారాలు కనుక్కుని, రెండో గేరు వెయ్యమనేవాడు. నిలబడ్డ కారు రెండో గేరులో ఒక్క ఎగురు ఎగిరి చచ్చిపోయేది. ఆయన పుస్తకంలో "బోధించబడినది, వాహనం సహకరించలేదు" అని రాసి దిగేవాడు. ఇది పెద్దమ్మ ఒక్కదాని కథ కాదు. శాఖ పుట్టాక రెండో గేరు దాటిన వారసుడు లేడు. ప్రాంగణంలో ఇంతవరకు ఒక్క ప్రమాదమైనా జరగనందుకు అధికారికి బహుమతి కూడా వచ్చింది.

అందరికంటే జాలిపడవలసింది ఆరో గేరు మాస్టారు గురించి. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఆయన గేటు పక్కన ఇనుప కుర్చీలో, తలకు హెల్మెట్టుతో, తన వంతు కోసం కూర్చుని ఉన్నాడు. కదిలే కారు ఒక్కసారైనా ఎక్కలేదు. ఈ నెలాఖరున రిటైరవుతున్నాడు. ఒకరోజు పెద్దమ్మ ఆయనకు మంచినీళ్ళ సీసా ఇస్తే, తాగి, మెల్లగా అడిగాడు. "ఆరో గేరులో ఎలా ఉంటుందమ్మా? మీ తమ్ముడుగారు వేసేవారా?"

వేసేవాడు. పెద్దమ్మకు తెలుసు. తమ్ముడు ఆవిడను ఎక్కించుకుని తిప్పిన ప్రతిసారీ ఆవిడ భయంతో తల వంచుకునే ఉండేది. రోడ్డు ఎప్పుడూ చూడలేదు. చూసిందల్లా అతని ఎడమ మోకాలు. అది కిందికి దిగేది, చెయ్యి కదిలేది, మళ్ళీ మోకాలు నెమ్మదిగా, నిద్రపోయిన పసిబిడ్డ కింద నుంచి చెయ్యి తీసుకున్నట్టు, పైకి లేచేది. ఒక్కో దారిలో ఎన్నిసార్లు, ఎక్కడెక్కడ అన్నది ఆవిడకు కంఠతా వచ్చు. శాఖవారు ఎవరికీ నేర్పని క్లచ్ ఆవిడ అలా తల వంచుకుని నేర్చేసుకుంది. ఇన్నాళ్ళూ ఆవిడకు తెలియదు, అంతే.

నెలాఖరు రోజు పొద్దున్నే యంత్రం వేడెక్కుతుండగా పెద్దమ్మ అధికారి గదికి వెళ్ళింది. "నాయనా, నేను ఆపితే మళ్ళీ పోనివ్వలేను. మాస్టార్లను ఎక్కడివాళ్ళను అక్కడ నిలబెట్టండి. ఎవరి దగ్గరికి వస్తే వాళ్ళ గేరు వేసుకుంటాను."

అధికారి పుస్తకం తిరగేశాడు. బోధకుడు శిక్షణార్థికి అందుబాటులో ఉండవలెనని ఉంది. కారులోనే ఉండవలెనని లేదు. మొదటి నుంచి మళ్ళీ తిరగేశాడు. ఒప్పుకున్నాడు.

ప్రాంగణం చుట్టూ ఉన్న దారి పొడవునా అయిదుగురు మాస్టార్లు నిలబడ్డారు. ఆరో ఆయనను ఆవిడే పక్కన కూర్చోబెట్టుకుంది. కారు కదిలింది. మొదటి మాస్టారు "అమ్మయ్య" అన్నాడు. మోకాలు దిగింది, లేచింది. రెండో మాస్టారు పక్కన పరుగెత్తుతూ బోధించాడు. మూడో ఆయన సైకిలు మీద బోధించాడు. నాలుగో ఆయన దగ్గరికి వచ్చేసరికి గాలికి ఆయన పుస్తకం ఎగిరిపోయింది. అయిదో ఆయన పక్కకు దూకి, అక్కడి నుంచి ఆమోదం తెలిపాడు. మళ్ళీ మలుపు తిరిగాక ఆరో గేరు మాస్టారు, జీవితమంతా దాచుకున్న ఒక్క మాటను వణుకుతున్న గొంతుతో అన్నాడు. "ఇప్పుడు వెయ్యండి."

వేసింది. ఆ కాస్త వేగానికి ఆరో గేరు ఎక్కువై కారూ వణికింది. ఆయన హెల్మెట్టు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. యంత్రం నడిపే అతను మూతి ముడుచుకుని స్విచ్చి ఆపేశాడు.

ఆరు సంతకాలూ పడ్డాయి. కారు గేటు దగ్గరికి వచ్చి ఆగింది. అడ్డుకర్ర పైకి లేస్తోంది. అప్పుడే అధికారి గదిలోంచి కాగితం ఊపుకుంటూ పరుగున వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. శాఖ చరిత్రలో మొట్టమొదటిసారిగా పై ఆఫీసు నుంచి జవాబు సకాలంలో వచ్చింది.

"సంతకాలు పూర్తయ్యాయి కాబట్టి గోడ మీది నిబంధన ఇక చెల్లదట పెద్దమ్మా. దిండ్లు మీ ఇష్టం. అద్దం మాత్రం సరిచెయ్యాలి."

"అది అలా ఉండనీ నాయనా."

"అలా ఉంటే వెనకాల ఏముందో మీకు కనపడదు కదమ్మా."

"ఇన్నాళ్ళూ కనపడుతూనే ఉంది," అంది పెద్దమ్మ.

అధికారి నవ్వాడు. అక్కడెవరూ చెడ్డవాళ్ళు కారు. కిటికీలోంచి చెయ్యి లోపలికి పెట్టి, రెండు వేళ్ళతో, కిందికి, కాస్త ఎడమకు తిప్పాడు. అద్దంలో పైకప్పు పోయి ఒక ముసలావిడ కనిపించింది. అధికారి కాగితం మీద ముద్ర వేసి ఆవిడ చేతికిచ్చాడు.

ఈ సేవకు శాఖ రుసుమేమీ వసూలు చేయదు.