ఉండి ఉంటే ఔననేవాడు

సభకు వెళ్ళి ఓటు వేసే ప్రతినిధిని నమ్మకండి. ఓటు వేశాడంటే ఏదో ఒక వైపు ఒరిగాడన్నమాట. ఒరిగినవాడు తప్పు చేయవచ్చు. మా ప్రతినిధి కర్టిస్ హోలన్‌బెక్ గారి విషయంలో మాకు ఆ భయం లేదు. పద్నాలుగేళ్ళుగా ఆయన వాషింగ్టన్‌లో మా జిల్లా తరఫున కూర్చుంటున్నారు. ఒక్క తప్పుడు ఓటు చూపించండి చూద్దాం!

చూపించలేరు. ముఖ్యమైన ఓటింగ్ జరిగే సమయానికి ఆయన సభలో ఉండరు.

లేకపోవడం ఎవరి వల్లనైనా అవుతుంది. ఆయన గొప్పతనమంతా మర్నాడు బయటపడుతుంది. సభ రికార్డులో అచ్చు వేయమని ఒక చీటీ పంపుతారు: "నేను హాజరై ఉంటే ఔనని ఓటు వేసి ఉండేవాడిని." అలా పంపే వెసులుబాటు అక్కడి సభ్యులందరికీ ఉంది. ఆ చీటీతో ఫలితం మారదు. ఏ బిల్లూ బతికి లేవదు. కానీ అచ్చు మాత్రం పడుతుంది, దేశం ఉన్నంతకాలం ఉంటుంది. ఈ పద్నాలుగేళ్ళలో మా ప్రతినిధి నూట నలభై ఒక్క చీటీలు పంపారు.

ఒక్కసారి మాత్రం ఏదో పొరపాటున ఆయన లోపల ఉండగానే ఓటింగ్ మొదలైంది. కంగారులో 'ఔను' బదులు 'కాదు' మీట నొక్కేశారు. మర్నాడే చీటీ వెళ్ళింది: "నా ఉద్దేశం ఔను." అప్పటి నుంచి లోపలికి వెళ్ళడం ఇంకా తగ్గించారు.

నవ్వకండి. ఇది ఎంత లోతైన ఏర్పాటో ఎప్పుడైనా ఆలోచించారా? మనలో ప్రతి ఒక్కరిలోనూ ఇద్దరుంటారు. ఒకడు చేసినవాడు, ఇంకొకడు చేసి ఉండేవాడు. మొదటివాడు ఆలస్యంగా లేస్తాడు, పక్కింటివాళ్ళ నిచ్చెన తిరిగి ఇవ్వడు, జబ్బుపడ్డ స్నేహితుణ్ణి రేపు చూద్దాంలే అనుకుంటాడు. రెండోవాడికి ఆ జబ్బులేవీ లేవు. ధైర్యం, దయ, టైము, అన్నీ ఉన్నాయి. ఇరవై ఏళ్ళుగా ఒంటరిగా ఉంటున్నాను కాబట్టి ఆ రెండోవాడితో నాకు బాగా పరిచయం. సాయంత్రాలు ఇద్దరం వంటింట్లో ఎదురెదురుగా కూర్చుంటాం. అతను నాకంటే చాలా మంచివాడు. పాపం, ఆ మంచితనానికే సాక్ష్యం లేదు. మా సభ అలాంటివాడికి రికార్డులో చోటిచ్చింది. మనస్తత్వ శాస్త్రం ఇంకా అంత దూరం రాలేదు.

మా ఆర్డన్ ఫాల్స్ ఊరు ఈ పద్ధతిని త్వరగానే అందిపుచ్చుకుంది. షాఫర్ వాళ్ళ గడ్డి కొట్టం తగలబడిన రోజు ఫైర్ బ్రిగేడ్ వాలంటీరు కెంపర్ చేపలు పట్టడానికి వెళ్ళాడు. మర్నాడు ఫైర్ స్టేషన్ బోర్డు మీద నోటీసు పెట్టాడు: "నేను హాజరై ఉంటే నీళ్ళ వైపే ఉండేవాడిని."

షాఫర్ అది రెండుసార్లు చదివాడు. "మరి నా కొట్టం ఏదోయ్?" అని అడిగాడు.

"కొట్టం విషయంలో నా వైఖరి చాలా స్పష్టం, అన్నా," అన్నాడు కెంపర్.

చర్చికి ఆదివారాలు రానివాళ్ళు "ఉండి ఉంటే ఆమెన్ అనేవాళ్ళం" అని చీటీలు పంపుతున్నారు. పాస్టర్ గారి లెక్క ప్రకారం ఆ చర్చి కట్టినప్పటి నుంచి ఇంత నిండుగా ఎప్పుడూ లేదట. డైనర్ నడిపే బెర్నీస్ కూడా నేర్చుకుంది. "యాపిల్ పై అయిపోయింది, పెద్దాయనా. ఉండి ఉంటే నీకే పెట్టేదాన్ని" అంటుంది. ఆ మాటతో నాకు సగం ఆకలి తీరుతుంది. మిగతా సగానికి టోస్టు తింటాను.

ఇక క్లినిక్ సంగతి.

నా పక్కింటాయన మెర్ల్ స్ట్రౌడ్ సైన్యంలో ఫిరంగుల దగ్గర పనిచేసి వచ్చాడు. ఎడమ చెవి అక్కడే పోయింది. షుగర్ వల్ల కుడికాలి పాదం మీద మానని పుండు. ధాన్యం గోదాము ఎదురుగా ఉన్న మాజీ సైనికుల క్లినిక్‌లో నర్సు వారానికోసారి దానికి కట్టు కట్టేది. అది దాటితే తొంభై రెండు మైళ్ళ దూరం వరకూ అలాంటి క్లినిక్ లేదు. చిన్న ఊళ్ళ క్లినిక్‌లను మూసేయకుండా ఆపే బిల్లు ఒకటి సభకు వచ్చింది. రెండువందల పద్నాలుగు మంది ఔనన్నారు, రెండువందల పద్నాలుగు మంది కాదన్నారు. సమానమైతే బిల్లు పోయినట్టే.

ఆ సమయంలో మా హోలన్‌బెక్ గారు ఎక్కడున్నారు? ముప్పై అడుగుల దూరంలో, బయట మెట్ల మీద. ఆ బిల్లు మా ఊరికి ఎంత ప్రాణప్రదమో టీవీ కెమెరాకు చెబుతున్నారు. ఓటింగుకు రమ్మని గంట మోగడం ఆ ఇంటర్వ్యూలో వినబడుతుంది. గంట అడ్డు వస్తోందని ఆయన గొంతు పెంచడం కూడా వినబడుతుంది.

మర్నాడు చీటీ వెళ్ళింది. నూట నలభై రెండోది.

ఆ నెలలోనే ఫైర్ స్టేషన్‌లో పాన్‌కేక్ విందుకు ఆయన వచ్చారు. మెర్ల్ భార్య లోర్నా ఆయనకు మూడో తరగతి పాఠాలు చెప్పిన టీచరు.

"కర్టిస్, ఇలా రా. ముందు ఆ పళ్ళెం కింద పెట్టు."

"చెప్పండి టీచర్ గారూ. క్లినిక్ విషయంలో నా వైఖరి..."

"నీ వైఖరి చదివాను నాయనా. హాజరు పిలిచేటప్పుడు 'ఉన్నానండీ' అన్నవాళ్ళకే నేను టిక్కు పెట్టేదాన్ని. మర్నాడొచ్చి 'నిన్న వచ్చి ఉంటే ఉన్నాననేవాణ్ణి' అంటే పెట్టేదాన్నా?"

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా ఆయనే నవ్వారు. "అబ్బ, మీ చురక మాత్రం మారలేదు టీచర్," అంటూ తన మనిషిచేత కారులోంచి ఒక బహుమతి తెప్పించారు. రికార్డులో ఆ చీటీ అచ్చయిన పేజీ, గాజు ఫ్రేములో. క్లినిక్ గోడకు తగిలించమన్నారు. తగిలించారు. క్రిస్మస్ ముందు క్లినిక్ మూతపడింది. ఫ్రేము ఇప్పటికీ తలుపు అద్దంలోంచి కనబడుతుంది. లోపల ఉన్నది అదొక్కటే.

మూతపడ్డాక పెద్దాసుపత్రికి ఒక వ్యాను ఏర్పాటైంది. పదకొండు సీట్లు, డ్రైవరు కూడా వాలంటీరే. మంగళవారం ఉదయం ఆరింటికి బయల్దేరి రాత్రి ఎనిమిది దాటాక తిరిగొస్తుంది. మంచు పడితే కదలదు. జనవరిలో వరసగా మూడు మంగళవారాలు కదల్లేదు. నాలుగో వారం వెళ్ళేసరికి మెర్ల్ కాలి వేళ్ళు రెండు తీసేయాల్సి వచ్చింది.

కర్రతో డైనర్‌కు వచ్చిన మొదటి రోజున ఎవరూ ఏమీ అడగలేదు. అతనే మొదలుపెట్టాడు.

"నా వేళ్ళు రెండు గైర్హాజరురా బాబూ. ఉండి ఉంటే అవీ ఔననేవే."

బెర్నీస్ నవ్వి, వంటగదిలోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. నేనూ నవ్వాను. ఆ మూడు మంగళవారాలూ మంచు టైర్లు వేసిన నా కారు షెడ్డులోనే ఉంది. ఒక్కమాట అడిగి ఉంటే తీసుకెళ్ళేవాణ్ణే. అతను అడగలేదు. వస్తావా అని నేనూ అడగలేదు. నా వంటింట్లో కూర్చునే ఆ రెండోవాడు మాత్రం మూడుసార్లూ అతన్ని తీసుకెళ్ళి తీసుకొచ్చాడు. మలుపుల దగ్గర చాలా జాగ్రత్తగా నడిపాడు.

కాబట్టి హోలన్‌బెక్ గారిని విమర్శించే అర్హత నాకు లేదు. నేను ఆయన అభిమానిని. ఫిబ్రవరి నుంచి మంగళవారాల వ్యాను నేనే నడుపుతున్నానంటే అది వేరే సంగతి.

నవంబరులో ఎన్నికలొచ్చాయి. మా దేశంలో ఎన్నిక ఎప్పుడూ మంగళవారమే. పోలింగ్ ఉదయం ఏడింటికి మొదలై రాత్రి ఎనిమిదికి ముగుస్తుంది. వ్యాను టైము మీకు చెప్పాను కదా. ముందుగానే పోస్టులో ఓటు పంపొచ్చుగా అంటారా? పంపొచ్చు. ఫారాలు లోర్నా దగ్గర కట్టలుగా ఉన్నాయి. ఆ సంగతి వ్యానులో అందరికీ తెలుసు. ఎవరూ తీసుకోలేదు.

"ప్రతిసారీ ఆయనకే వేశాం కదా," అన్నాడు వెనక సీట్లోంచి ఒకాయన.

"ఈసారి కూడా ఆయనకే," అన్నాడు మెర్ల్. "నువ్వు బండి పోనీ."

హోలన్‌బెక్ గారు ఎనిమిది ఓట్ల తేడాతో ఓడిపోయారు. రెండుసార్లు లెక్కపెట్టారు. ఎనిమిదే.

మేము మా బాధ్యత మరవలేదు. మర్నాడే లోర్నా తన గుండ్రటి టీచరు రాతలో చీటీ రాసింది: "మంగళవారం జరిగిన ఓటింగుకు మేము హాజరై ఉంటే మీకే ఔనని వేసి ఉండేవాళ్ళం." కింద పన్నెండు సంతకాలు, పదకొండు సీట్లవీ, డ్రైవరుదీ. గాజు ఫ్రేము కట్టించి ఆయన ఆఫీసుకు పంపాం.

పది రోజుల తర్వాత ఆయనే ఆ ఫ్రేము చంకలో పెట్టుకుని డైనర్‌కు వచ్చారు. మెర్ల్ కౌంటరు దగ్గర కాఫీ తాగుతున్నాడు. పక్కనే నేనున్నాను.

"మెర్ల్, ఇదేంటయ్యా?"

"మా వైఖరి సార్. చాలా స్పష్టంగా ఉంది, చూశారుగా."

"ఎనిమిది ఓట్లు! మీరు పన్నెండు మంది. వచ్చి ఉంటే నేను గెలిచేవాణ్ణి."

"మా ఉద్దేశం ఔనే సార్. కింద సంతకాలున్నాయి. గోడకు తగిలించుకోవచ్చు."

"ఉద్దేశాన్ని నేనేం చేసుకోను?" హోలన్‌బెక్ ఫ్రేమును కౌంటరు మీద పెట్టేశారు. "నాకు కావలసిన రోజున మీరు అక్కడ లేరు కదయ్యా!"

మెర్ల్ కప్పు కింద పెట్టి, స్టూలు మీద మెల్లగా అటు తిరిగి, తన ఎడమ చెవిని ఆయన వైపు వంచాడు.

"ఇంకోసారి చెప్పండి సార్. నాకీ చెవి వినబడదు."

ఆయన ఇంకోసారి చెప్పారు. ఈసారి గట్టిగా.