గౌరవ ప్రధాన పరిశీలకుడు

ఆ ఆదివారం పొద్దున లిఫ్టుల ఇన్‌స్పెక్టరు రెండే పనులు పెట్టుకున్నాడు. కాఫీ చల్లారేలోగా కూతురికి ఒక మంచి ఆన్‌లైన్ హైస్కూలు చూసి పేరు రాయించడం, ఆ తరువాత వంటింట్లో కారుతున్న కుళాయి సంగతి తేల్చడం. మొదటిది చిటికెలో అయిపోతుందనుకున్నాడు. బెంగంతా కుళాయి గురించే.

కూతురికి పదిహేనేళ్ళు. వెన్నెముక ఒక పక్కకి ఒరిగిపోతుంటే ఆపరేషన్ చేసి సరిచేశారు. చంకల నుంచి నడుము దాకా గట్టి పట్టా తొడిగి, హైస్కూలు చదువు పూర్తయ్యేదాకా బెంచీల మీద గంటలకొద్దీ కూర్చోవద్దన్నారు, పుస్తకాల సంచి మొయ్యొద్దన్నారు. ఆ పిల్ల ఏడవలేదు. ఆస్పత్రిలో తన ఒంటికి కొలతలు తీసి ఆ పట్టా తయారుచేసినావిడ చేతులవంకే చూస్తూ పడుకుని, "పెద్దయ్యాక నేనీ పనే నేర్చుకుంటా" అని తేల్చేసింది. ఆ చదువు చెప్పే కాలేజీ ఊళ్ళో ఒకటే ఉంది. హైస్కూలు గట్టెక్కితే అందులో చేరవచ్చు.

భార్య కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. ఆస్పత్రిలో పరిచయమైన ఒక నర్సు చెప్పిందని ఆవిడ అప్పటికే ఒక స్కూలు చూసిపెట్టింది. ఇన్‌స్పెక్టరు కంప్యూటరులో దాని పేజీ తెరిచి ముక్కు చిట్లించాడు. తెల్లటి కాగితం మీద నల్లటి అక్షరాలు. ఒక బొమ్మ లేదు, పువ్వు లేదు. చివర ఒకే ఒక్క వాక్యం, 'మాకు విద్యామండలి గుర్తింపు ఉంది. అనుమానం ఉంటే మండలికే ఫోన్ చేసి కనుక్కోండి.'

"మనల్నే కనుక్కోమంటాడేంటి? నిజంగా గుర్తింపున్నవాడు ఇంత బీదగా ఉంటాడా?" అన్నాడు.

"పోనీ, పిల్ల చేరబోయే కాలేజీ వాళ్ళనే అడిగితే పోలా? ఏ స్కూలు సర్టిఫికెట్టు తీసుకుంటారో వాళ్ళకంటే ఎవరికి తెలుస్తుంది?"

"అడిగితే మనకి తెలీదని వాళ్ళకి తెలిసిపోతుంది."

ఆవిడ కళ్ళజోళ్ళ దుకాణానికి బయలుదేరింది. మొగుడికి దూరదృష్టి దోషమో దగ్గరిచూపు దోషమో ఇన్నేళ్ళయినా ఆవిడకి అంతుచిక్కలేదు.

ఇన్‌స్పెక్టరు మరో స్కూలు పట్టుకున్నాడు. తెర నిండా ముద్రలే. గద్దలు, దీపాలు, పుస్తకం మోస్తున్న సింహాలు. ఉద్యోగంలో ఆయనకి ముద్రంటే ప్రాణం. ముద్ర లేని లిఫ్టు కనిపిస్తే అప్పటికప్పుడు తాళం వేయిస్తాడు. అయినా ఊరికే నమ్మే మనిషి కాదు. ముద్రల కింద 'అంతర్జాతీయ విద్యా ప్రమాణాల మహాసమితి' అని ఉంటే, ఆ నంబరుకి ఫోన్ చేశాడు. తేనె పూసినట్టున్న గొంతు పలికింది.

"ఈ స్కూలుకి గుర్తింపిచ్చింది మీరేనా? చివరిసారి తనిఖీ ఎప్పుడు చేశారు? ఎవరు చేశారు? నివేదిక ఎక్కడుంది?" అని ఆయన గదిమాడు.

"సార్, ఇంతవరకూ ఏ తల్లీ తండ్రీ ఇలాంటి ప్రశ్న అడగలేదు. తమరు తనిఖీ శాఖలో పెద్ద అధికారా?"

"లిఫ్టుల శాఖ. పాతికేళ్ళ అనుభవం."

"అదీ సంగతి! మీలాంటి కళ్ళ కోసమే సార్ మా సమితి వెతుకుతోంది. మా మాట మీకెందుకు? మీరే తనిఖీ చేయండి. మీరు బాగుందంటే బాగున్నట్టు."

ఇన్‌స్పెక్టరు గొంతు మెత్తబడింది. ఇంట్లో ఆయన మాటకి అంత విలువ ఎప్పుడూ రాలేదు మరి. మర్నాడే ఆయన్ని 'గౌరవ ప్రధాన పరిశీలకుడి'గా నియమించినట్టు ఉత్తర్వు వచ్చింది. ఆ మరుసటి రోజు వీడియోలో స్కూలంతా చూపించారు. నిప్పంటుకుంటే పిల్లలు ఏ దారిన బయటికి వస్తారని ఆయన అడిగాడు. పిల్లలంతా ఎవరిళ్ళలో వాళ్ళుంటారు కాబట్టి ఎవరి గుమ్మం లోంచి వాళ్ళే వస్తారని చెప్పారు. సబబుగానే ఉందనిపించింది.

"మీ స్కూల్లో ఒకేసారి ఎంతమంది పడతారు?"

"ఎంతమందైనా పడతారు సార్!"

ఇదే మాట ఏ లిఫ్టు యజమానైనా అని ఉంటే అక్కడికక్కడే కేసు రాసేవాడు. కానీ ఆ పూట సంతకం పెట్టాడు. వారం తిరక్కుండా ఆ స్కూలు పేజీలో ముద్రలన్నిటికంటే పైన ఆయన సంతకం, పక్కన ఆయన ఫొటో మెరిశాయి. దాన్ని అచ్చు వేయించి పటం కట్టించి హాల్లో తగిలించాడు. కుళాయి ఇంకా కారుతూనే ఉంది.

భార్య పటం కిందే నిలబడి చదివింది. "అంటే ఇది మంచి స్కూలని మనకి చెప్పిందెవరు?"

"సమితి."

"సమితికి చెప్పిందెవరు?"

"నీకు ప్రతిదీ వెటకారమే," అని ఆయన ఆఫీసుకి వెళ్ళిపోయాడు.

ఆఫీసుకి ఆ ఫొటో ఆయనకంటే ముందే చేరింది. పై అధికారి గదిలోకి పిలిచి తలుపు వేశాడు. ఆయన కొడుకు మామూలు స్కూల్లో రెండుసార్లు బోల్తా కొట్టి ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటున్నాడు.

"ఏమోయ్, స్కూలు పెట్టావటగా? చెప్పనే లేదు!"

"పెట్టలేదండీ, పరిశీలించానంతే."

"నా దగ్గర దాపరికమెందుకు? మావాణ్ణి కాస్త చూసుకో."

ఎంత కాదన్నా ఆయన వినలేదు. రెండోసారి కాదనేసరికి ఇన్‌స్పెక్టరు గొంతులో కాస్త మురిపెం కూడా చేరింది. ఆయనే సంతకం పెట్టాడంటే ఇక చూసుకునేదేముందని తోడల్లుడు తన కూతుర్ని చేర్చాడు. కింది వాటాలోని రొట్టెల కొట్టాయన ఇద్దరు కొడుకుల్నీ చేర్చాడు. పాస్‌వర్డు మర్చిపోయినవాళ్ళు, పాఠం తెరుచుకోనివాళ్ళు, మార్కులు చాలలేదన్నవాళ్ళు, అందరూ ఈయన గుమ్మం ముందే. ఆయన విసుక్కున్నట్టు కనిపిస్తూ అందరికీ సమాధానం చెప్పేవాడు.

కూతురు మాత్రం కిటికీ పక్కన మంచం మీద దిండ్లకి ఆనుకుని, ఒడిలో ట్యాబు పెట్టుకుని నిజంగానే చదివింది. ఏం రాసి పంపినా తొంభై ఎనిమిది మార్కులు వచ్చేవి. మొదట్లో సంబరపడింది, తరువాత అనుమానపడింది. ఒకరోజు తండ్రి షూ విప్పుతుండగా వచ్చి ఎదురుగా నిలబడింది.

"నాన్నా, ఎముకల గురించి వ్యాసం రాయమన్నారు. నేను మన బట్టలుతికే మిషనుతో వచ్చిన పుస్తకంలోంచి నాలుగు పేజీలు కాపీ చేసి పంపాను. తొంభై ఎనిమిది వేశారు."

ఇన్‌స్పెక్టరు తలెత్తి చూశాడు. "మరి ఆ రెండు మార్కులు ఏమయ్యాయి?"

ఆ పిల్ల పక్కగదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ తరువాత కూడా పాఠాలు చదవడం మానలేదు. లైబ్రరీ నుంచి తల్లి తెచ్చిన పుస్తకాలు ముందేసుకుని, తన తప్పులు తనే దిద్దుకునేది. స్కూలు మార్చమని తల్లి రెండుమూడుసార్లు గొడవపడింది. "నేనే గుర్తించిన స్కూల్లోంచి నా పిల్లనే తీసేస్తే జనం ఏమనుకుంటారు?" అని ఆయన ఒంటికాలి మీద లేచాడు.

రెండేళ్ళు గడిచాయి. వెన్ను నిలబడింది, పట్టా తీసేశారు. బంగారు అంచున్న సర్టిఫికెట్టు పట్టుకుని తండ్రీ కూతుళ్ళు కాలేజీకి వెళ్ళారు. ప్రవేశాల గదిలో గాజు పలక వెనక ఒక నడివయసు గుమాస్తా కూర్చుని ఉంది. సర్టిఫికెట్టుని అటూ ఇటూ తిప్పింది.

"ఈ సమితి పేరు ఎప్పుడూ వినలేదే. ఒక్క నిమిషం ఉండమ్మా, కనుక్కుంటాను."

బల్ల మీది ఫోనులో నంబరు నొక్కి స్పీకరు పెట్టింది. తేనె గొంతు గదంతా వినిపించింది. "గుర్తింపు వ్యవహారాలన్నీ మా గౌరవ ప్రధాన పరిశీలకులే చూస్తారు మేడమ్. వారి సొంత నంబరు రాసుకోండి."

ఇన్‌స్పెక్టరుకి చెవుల్లో జోరీగ దూరినట్టయింది. గుమాస్తా ఒక్కో అంకే నొక్కుతుంటే, అవి వరసగా తన అంకెలే అవుతుంటే, ఏదో ఒకటి తప్పు పడకపోతుందా అని మనసులో మొక్కుకున్నాడు. ఒక్కటీ తప్పు పడలేదు. ఆయన చొక్కా జేబులో ఫోను మోగింది.

గుమాస్తా నవ్వలేదు. "ఎత్తండి సార్," అంది.

ఆయన ఎత్తలేదు. ఫోను మోగి మోగి తనే ఊరుకుంది.

"ఈ సర్టిఫికెట్టు చెల్లదమ్మా," అని ఆవిడ పిల్లతోనే చెప్పింది. "హైస్కూలు మళ్ళీ మొదటినుంచీ చదవాలి." తరువాత చెల్లే స్కూళ్ళ పేర్లు చదివింది. నలుపూ తెలుపూ పేజీ స్కూలు అందులో రెండోది.

"ఇదంతా మాకెలా తెలుస్తుందండీ?" అని ఇన్‌స్పెక్టరు నీరసంగా అన్నాడు.

"అడిగితే చెప్తాం సార్. రోజూ ఇక్కడే కూర్చుంటా. ఎవరూ అడగరు."

తిరిగి వస్తూ బస్సులో కూతురు కిటికీ వైపే చూస్తూ కూర్చుంది. ఇంటి స్టాపు దగ్గరపడుతుంటే, "నీకు చెప్పాను కదా నాన్నా," అంది.

"చెప్పావు."

"ఆ రెండు మార్కులేమయ్యాయన్నావు."

బస్సులో ఎవరో నవ్వారు, వేరే విషయానికే. అయినా ఆయన తల దించుకున్నాడు.

ఇంటికి రాగానే పటం దించి అటక మీదికి విసిరేశాడు. తోడల్లుడికి చెప్పాడు, ఆయన రాకపోకలు మానేశాడు. రొట్టెల కొట్టాయనకి చెప్పాడు, ఆయన పదిమందిలో నిలబెట్టి కడిగేశాడు. సమితికి ఫోన్ చేస్తే ఆ నంబరు వాడుకలో లేదని వినిపించింది. మర్నాడు ఉద్యోగం పోయినా సరేనని గుండె రాయి చేసుకుని పై అధికారి గదిలోకి వెళ్ళాడు.

"సార్, ఆ స్కూలు దొంగది. మా అమ్మాయి రెండేళ్ళు మట్టిలో కలిశాయి. మీవాడి సర్టిఫికెట్టు కూడా చెల్లదు. తప్పంతా నాదే."

పై అధికారి లేచి తలుపు గడియ పెట్టాడు. "మెల్లగా మాట్లాడు. మావాడికి మన శాఖలోనే జూనియర్ ఇన్‌స్పెక్టరుగా పోయిన వారమే ఉత్తర్వులిచ్చాను."

"ఆ సర్టిఫికెట్టుతోనా?"

"మన శాఖ ఇన్‌స్పెక్టరు స్వయంగా గుర్తించిన స్కూలని ఫైల్లో రాశాను. నువ్వు స్కూలుకి సంతకం పెట్టావు. నీ సంతకం చూసి నేను పెట్టాను. నా సంతకం చూసి పైవాళ్ళు పెట్టారు. ఇప్పుడు చెల్లదంటే ఎవరి సంతకం చెల్లదంటావ్?"

"మరి మా అమ్మాయి?"

"పాపం, చదువుకునే పిల్ల. మళ్ళీ చదువుకుంటుంది."

ఇన్‌స్పెక్టరు తేలు కుట్టిన దొంగలా బయటికి వచ్చాడు. ఒక్క పాఠమూ తెరవని కుర్రాడికి ఉద్యోగం వచ్చింది. అన్ని పాఠాలూ చదివిన పిల్లకి మొదటి తరగతి నుంచి కాకపోయినా మొదటి పాఠం నుంచి మళ్ళీ మొదలయింది. ఈసారి పేరు తల్లే రాయించింది, విద్యామండలికి ఫోన్ చేసి మరీ. తండ్రిని ఎవరూ ఏమీ అడగలేదు.

మొదటి వ్యాసం దిద్ది పంపారు. నలభై ఒకటి. పేజీ నిండా ఎర్ర గీతలు, అంచుల్లో పొట్టి పొట్టి వాక్యాలు, 'ఇది నీకెలా తెలుసు?', 'ఈ మాట మళ్ళీ ఆలోచించు.' కూతురు దాన్ని రెండుసార్లు చదివి తల్లి దగ్గరికి పరుగెత్తింది. కళ్ళనిండా నీళ్ళు.

"అమ్మా, ఎవరో చదివారే!"

గుమ్మంలో నిలబడ్డ ఇన్‌స్పెక్టరు ఆ నలభై ఒకటిని చూడాలని చెయ్యి చాపాడు. ఆ పిల్ల కాగితం మడిచి తల్లి చేతికిచ్చింది.

కొత్తగా చేరిన జూనియర్ ఇన్‌స్పెక్టరుకి చెయ్యి తిరగడం కోసమని పై అధికారి మొదటి తనిఖీగా సొంత ఆఫీసు లిఫ్టునే అప్పగించాడు. కుర్రాడు మీట నొక్కి తలుపు తెరుచుకోగానే బాగుందని ముద్ర వేశాడు.

ఆ రోజు నుంచి ఇన్‌స్పెక్టరు ఏడో అంతస్తులోని ఆఫీసుకి మెట్లెక్కే వెళుతున్నాడు. డాక్టరు నడవమన్నాడని అందరికీ చెప్తున్నాడు.