అక్కర్లేదు, అన్నీ పీకేద్దాం

ఆ ఉదయం బావమరిది వేసుకున్న పథకం చాలా చిన్నది. పళ్ళ డాక్టరైన బావకు తాను చేసిపెట్టిన వెబ్‌సైటును తొమ్మిదింటికల్లా తెరవాలి, ఆయన నోట ఒక్కసారైనా "భేష్" అనిపించుకోవాలి. మూడేళ్ళుగా ఆ నోటి నుంచి వస్తున్నది "ఖాళీయేనా?" అన్న ఒక్క ముక్కే.

తొమ్మిదిన్నరకు అక్క ఫోన్ చేసింది. క్లినిక్‌లో ఫోన్లెత్తేది ఆవిడే.

"ఒరేయ్, ఏం రాసి తగలేశావురా? అపాయింట్‌మెంట్లన్నీ టపటపా రద్దయిపోతున్నాయి!"

"నేనేం రాశాను?"

"ఒకావిడ 'పన్ను జివ్వుమంటోంది, ఫిల్లింగ్ చాలా?' అని ఫారంలో అడిగిందట. పంపగానే కింద 'అక్కర్లేదు, అన్నీ పీకేద్దాం' అని వచ్చిందట! నేనే రాశాననుకుని మీ బావ నాతో మాటలు మానేశారు."

ఆ మాట తనదే. పాత బటన్ల గురించి కోడులో తనకోసం రాసుకున్నది.

"అది కామెంటు అక్కా! ముందు రెండు ఏటవాలు గీతలు పెడితే ఆ వరస ఎవరికీ కనపడదు."

"ఊళ్ళో సగంమంది చదివేశారు!"

ఈలోగా బావ ఫోన్ లాక్కున్నాడు. "మధ్యాహ్నంలోగా సరిచెయ్యి. లేకపోతే ఈ పని ఇంకొకళ్ళకి ఇచ్చేస్తా."

అతను కోడు తెరిచాడు.

// పాత బటన్లు ఉంచాలా?> అక్కర్లేదు, అన్నీ పీకేద్దాం

ప్రశ్న రాసి, బాణపు మొన పెట్టి, పక్కనే జవాబు రాసుకోవడం అతనికి బళ్ళో చదివే రోజుల నుంచీ అలవాటు. ఆ సైటు కోడు రాసిన పీహెచ్‌పీ భాష పద్ధతి వేరు. ప్రశ్నార్థకం పక్కన ఆ మొన కనిపిస్తే, కామెంటు మధ్యలోనైనా సరే, దాని లెక్కలో కోడు అక్కడితో ముగిసినట్టే. ఆ తర్వాతిదంతా తెర మీదికొస్తుంది. అలా ప్రశ్న లోపలే దాక్కుంది, జవాబు వీధిన పడింది.

ఆ వరస తీసేశాడు. పేజీ శుభ్రపడింది. "భేషోయ్ బావమరిదీ!" అన్నాడు బావ ఫోన్‌లో. అతనికి ఏనుగెక్కినంత సంబరమైంది. ఆ ఊపులో, మళ్ళీ ఇలాంటి పొరపాటు జరగకూడదని అదే చోట ఒక హెచ్చరిక రాసుకున్నాడు. క్లినిక్ సైటు కదా అని బావను మర్యాదగానే ప్రస్తావించాడు.

// ఇక్కడ ఎప్పుడూ ?> వద్దు, డాక్టరుగారు పళ్ళు నూరుతున్నారు

పది నిమిషాలకు అక్క మళ్ళీ ఫోన్ చేసింది.

"పొద్దుటి ఆవిడ మళ్ళీ ఫారం పంపి, కింద వచ్చింది చదివి ఫోన్ చేసిందిరా."

"వస్తానందా?"

"లేదు. మీ బావ కోసం మంచి పళ్ళ డాక్టరు నంబరు ఇచ్చింది."