మామగారికి డ్రైవరు పట్టీ

ఆ ఉదయం కాఫీ తాగుతూనే బస్సు డ్రైవరు ఒక ఉపాయం ఆలోచించాడు. వారం కిందట డిపోలో డ్రైవర్లందరికీ పలుచటి, మెత్తటి పట్టీలు పంచారు. ఛాతీకి అతికించుకుంటే గుండె కొట్టుకునే తీరును అది డిపో కంప్యూటరుకు పంపుతుంది. అలసట కనిపించిందా, బండి దింపేస్తారు. చుట్టపుచూపుగా వచ్చిన మామగారి గురకతో డ్రైవరుకు కంటిమీద కునుకు లేదు. పట్టీ ఇప్పటికే రెండుసార్లు అతని గుట్టు బయటపెట్టింది. మూడోసారి దొరికితే స్టీరింగు వదిలి డిపో గేటు దగ్గర కూర్చోవాలి.

ఇంట్లో కంటినిండా నిద్రపోతున్న మనిషి మామగారు ఒక్కరే.

“మామయ్యా, ఇది నొప్పుల పట్టీ. పెట్టుకుని చూడండి.”

“నొప్పి నడుముకి కదయ్యా, ఛాతీకెందుకు?”

“పైనుంచి కిందికి దిగుతుందట.”

సాయంత్రానికి నొప్పి సగం తగ్గిందన్నారు మామగారు. డిపోలో డ్రైవరు పేరు పక్కన పచ్చదీపం వెలిగింది. మర్నాడూ అంతే.

మూడోరోజు పదిన్నరకు దీపం ఎర్రబడింది. డ్రైవరు గుండె లయ తప్పిందని డిపో మేనేజరు ఫోన్ చేయగానే కండక్టరు బస్సు ఆపించాడు. ప్రయాణికులు డ్రైవరును ఎత్తి వెనక సీటు మీద పడుకోబెట్టారు.

“నాకేం కాలేదండీ,” అన్నాడు డ్రైవరు.

“మా బావ కూడా అచ్చం ఇలాగే అన్నాడు,” అని ఒకాయన అతని చొక్కా గుండీలు విప్పాడు.

నిజం చెబితే ఉద్యోగం గల్లంతు. డ్రైవరు కళ్లు మూసుకుని అంబులెన్సు ఎక్కాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అప్పుడే తీసిన ఈసీజీ, డిపో పంపిన పట్టీ గీతలు, రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసింది. “మీ గుండె గుర్రంలా ఉంది. పట్టీ పంపిన గుండె మీది కాదు. ఎవరిదో గాని, గంటలో ఇక్కడికి రాకపోతే దక్కదు.”

మేనేజరు ఎదురుగానే నిలబడి ఉన్నాడు. డ్రైవరు ఒక్క క్షణం ఆయన బూట్ల వైపు చూశాడు. తర్వాత భార్యకు ఫోన్ చేశాడు.

“మామయ్య ఎలా ఉన్నారు?”

“ఛాతీలో పట్టేసినట్టుందట. ఒకటి చాలడం లేదు, ఇంకో పట్టీ ఉంటే పట్టుకురమ్మంటున్నారు.”

“అది నొప్పుల పట్టీ కాదే. వెంటనే ఆయన్ని ఆసుపత్రికి తీసుకురా,” అన్నాడు డ్రైవరు, మేనేజరుకు వినబడేలాగే.

మామగారు గండం గట్టెక్కారు. పదిరోజులకు డిపో నుంచి ఒకే కవరులో రెండు కాగితాలు వచ్చాయి. సంస్థ పట్టీ వల్ల ఒక ప్రాణం నిలిచినందుకు ప్రశంసాపత్రం ఒకటి, అదే పట్టీ పరులకు అతికించినందుకు నెలరోజుల సస్పెన్షన్ ఒకటి. భార్య ప్రశంసాపత్రానికి ఫ్రేము కట్టించి గోడకు తగిలించింది. రెండో కాగితం దాని వెనక అట్టగా సరిగ్గా సరిపోయింది.