మాదిరి జవాబుకు ఏడు మార్కులు

మనిషికి తన మాటలు తనకే ఎదురుపడితే గుర్తుపడతాడా? ఈ ప్రశ్న నాకు నేనే చాలాసార్లు వేసుకున్నాను. గుర్తుపడతాడనే అనుకునేవాణ్ణి, నిర్వచనం మాస్టారి సంగతి తెలిసేవరకు.

ఆయన కళాశాలలో తత్వశాస్త్రం బోధిస్తారు. ఏ పాఠమైనా నిర్వచనంతో మొదలుపెట్టి నిర్వచనంతోనే ముగిస్తారు కనుక విద్యార్థులు ఆ పేరు పెట్టారు. పూర్తి మార్కులకు తగిన జవాబు ఎలా ఉంటుందో దిద్దేవారికే తెలియడం లేదన్నది ఆయన చిరకాల బాధ. అందుకొక మార్గం ప్రతిపాదించారు: ప్రశ్న ఇచ్చిన అధ్యాపకుడు తాను కూడా పరీక్ష పుస్తకంలోనే మాదిరి జవాబు రాసి, పరీక్షల గుమాస్తాకు అప్పగించాలి. ప్రిన్సిపాల్ సరేనన్నారు. తొలి మాదిరి మాస్టారిదే.

పరీక్ష జరిగిన మర్నాడు, ఉదయం కళాశాలకు వెళ్లేలోపు ఆ పని ముగించాలనుకున్నారు. కానీ ముందురోజు పై అరలోని నిఘంటువు దింపబోయి మణికట్టు బెణికించుకున్నారు. అంకెలు, ఒకటీ అరా మాటలు రాయగలరు గాని పేజీలకొద్దీ రాయలేరు. భార్యను పిలిచి కూర్చోబెట్టారు. ప్రశ్న ఒక్కటే: నమ్మడానికీ తెలుసుకోవడానికీ తేడా ఏమిటి? ఇరవై మార్కులు, గట్టెక్కడానికి ఎనిమిది చాలు.

"రాసుకో. జ్ఞానమనగా..."

"అనగా తర్వాత కామా పెట్టనా?"

"వద్దు. కాస్త ముందుకెళ్లాక పెడదాం, ఊపిరి తీసుకోవాలిగా."

"మీరా, చదివేవాళ్లా?"

ఆరు పేజీలయ్యాక మాస్టారు గడియారం చూసి లేచారు. "ఇంక ఒక్క ఉదాహరణతో ముగించాలి. స్నానం చేసొచ్చి చెబుతా." వచ్చేసరికి ఆలస్యమైంది. ఆ ఉదాహరణ భార్యే రాసేసింది. ఆయన తెరిచి చూడకుండానే పుస్తకాన్ని సంచిలో పెట్టుకున్నారు.

కళాశాలలో పరీక్షల గుమాస్తా ఫోనులో ఎవరితోనో తగువులాడుతున్నాడు. మాస్టారు పుస్తకాన్ని అతని బల్లమీద పెట్టి, సైగ చేసి వెళ్లిపోయారు. ఆ సైగకు గుమాస్తా నమస్కారమని అర్థం చెప్పుకున్నాడు. ఫోను పెట్టేసి చూస్తే జవాబు పుస్తకాల దొంతరమీద విద్యార్థి నంబరు లేని పుస్తకం ఒకటుంది. రాసినవారెవరో దిద్దేవారికి తెలియకుండా ప్రతి పుస్తకానికీ రహస్య సంఖ్య వేయడం అతని పని. "నంబరు వేయడం కూడా మర్చిపోయాడు మహానుభావుడు. మార్కులు రాకపోతే వాడే వెతుక్కుంటూ వస్తాడు" అని విసుక్కుని, దానికీ ఒక సంఖ్య వేసి కట్టలో కలిపేశాడు. ఆ కట్ట మాస్టారి దగ్గరికే దిద్దడానికి వెళ్లింది. మాదిరి తలలోనే ఉంది కనుక, ఆయన మాదిరి పుస్తకం కోసం వెతకలేదు.

నాలుగు రోజుల తర్వాత లెక్క తేలలేదు. విద్యార్థులు నలభై ఒక్కరు. పుస్తకాలు నలభై రెండు.

ప్రిన్సిపాల్ ఫలితాలన్నీ నిలిపివేసి, మాస్టారినీ గుమాస్తానీ గదికి పిలిచారు. అదనంగా తేలిన పుస్తకం బల్లమీద ఉంది. అంచుల్లో మాస్టారి ఎర్ర అక్షరాలు: 'ఎక్కడో విన్నట్టుంది.' 'ఎత్తిరాత.' 'డొల్ల.' ఎత్తిరాతకు ఆరు మార్కులు కోత. చివరి పేరా పక్కన మాత్రం 'సొంత ఆలోచన' అని ఉంది. మొత్తం ఏడు.

"ఎవరో బయటివాళ్లు హాల్లో కూర్చుని రాశారండీ" అన్నారు మాస్టారు. "ఇదుగో, ఇంకో పుస్తకంలోనూ ఇవే వాక్యాలు, పొల్లుపోకుండా. దానికీ ఆరు కోసి ఏడే వేశాను. ఒకరిది చూసి ఒకరు రాసుకున్నారు."

ఆ రెండో పుస్తకం గ్రంథాలయం అమ్మాయిది. చదువుకుంటూనే గ్రంథాలయంలో పుస్తకాలు సర్ది నెట్టుకొస్తున్న పిల్ల. వేరే ఊళ్లో పై చదువుకు సీటు వచ్చింది. సాయంత్రం ఐదులోపు మార్కుల పత్రం పంపకపోతే అది మరొకరికి పోతుంది. ఆమెను పిలిపించేసరికి మూడున్నర.

"ఎవరిది చూసి రాశావమ్మా?" అన్నారు ప్రిన్సిపాల్.

"ఎవరిదీ కాదు సార్. మాస్టారి నోట్సే. కంఠస్థం చేశాను."

"నా నోట్సు ఇంత డొల్లగా ఉండదు" అన్నారు మాస్టారు.

అమ్మాయి సంచిలోంచి నోట్సు తీసి బల్లమీద పెట్టింది. ఆయన దానివైపు చూడలేదు. "పదహారేళ్లుగా దిద్దుతున్నా. ఎవరి మాట ఎవరిదో నాకు తెలుసు" అన్నారు.

"నాకు సీటు పోతుంది సార్" అంది అమ్మాయి. ఆ మాట చాలా మెల్లగా వచ్చింది.

అప్పుడు తలుపు దగ్గర దగ్గు వినిపించింది. మాస్టారి భార్య. చేతిలో మణికట్టుకు కట్టుకునే పట్టీ ఉంది. "ఏమండీ, ఇది ఇంట్లోనే మర్చిపోయారు. పరుగున వచ్చా" అంటూ లోపలికి వచ్చి, బల్లమీద పుస్తకం చూసి ఆగిపోయింది.

"ఇదేంటి, నేను రాసింది ఇక్కడుంది?" పేజీ తిప్పింది. "ఏడా! ఎవరండీ ఈ పిసినారి?"

గుమాస్తా కిటికీలోంచి బయటికి చూడసాగాడు.

"మీరే చెప్పారుగా, జ్ఞానమనగా అని" అంది ఆమె భర్తతో. "నా చేతిరాత కూడా గుర్తుపట్టలేదా? పద్దెనిమిదేళ్లుగా సరుకుల చీటీలు రాసిస్తున్నా."

ఆ చీటీలను ఆయన ఏనాడూ చదవలేదు. తిన్నగా దుకాణదారు చేతిలో పెట్టేవారు.

మాస్టారు పుస్తకాన్ని దగ్గరికి తీసుకుని చివరి పేరా మళ్లీ చదివారు. 'పొయ్యి ఆపామని నమ్మి బయటికి వెళతాం. వెనక్కి వెళ్లి చూసుకుంటేనే తెలుస్తుంది.' ఆ పుస్తకంలో ఆయన మెచ్చుకున్నది ఆ రెండు వాక్యాలనే. ఆరు పేజీల సొంత మాటలు తనకే విసుగు పుట్టించాయి. వాటినే ఏటేటా కంఠస్థం చేయించి, కంఠస్థం చేసిన పిల్లను దొంగ అన్నారు. తప్పు ఆమె జవాబులో లేదు. తన పాఠంలో ఉంది.

"ఈ మార్కులేం చేద్దాం మాస్టారూ?" అన్నారు ప్రిన్సిపాల్. అందులో వెటకారం లేదు; అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

మాస్టారు ఎర్ర కలం తీశారు. అమ్మాయి పుస్తకంలో 'ఎత్తిరాత' అన్న మాట కొట్టేసి, కోసిన ఆరూ తిరిగి కలిపి పదమూడు వేశారు. "తప్పు నాది తల్లీ. నేను చెప్పింది నువ్వు రాశావు. ఇకమీదట నువ్వు అనుకున్నది రాయించేలా చెబుతా" అన్నారు. మాదిరి జవాబులో ఏడును మాత్రం దిద్దలేదు. దాని అట్టమీద 'ఇలా రాయకూడదు' అని, పట్టీలేని చేత్తోనే, బాధగా రాసి సంతకం చేశారు. గుమాస్తా నాలుగుంబావుకల్లా మార్కుల పత్రం ముద్రవేసి ఇచ్చాడు. అమ్మాయి పత్రంతో పరుగెత్తింది. ఆమె నోట్సు బల్లమీదే ఉండిపోయింది. దానికోసం ఆమె తిరిగి రాలేదు.

భార్య పట్టీ కడుతుంటే మాస్టారికి ఏదో తోచింది.

"పరుగున వచ్చానన్నావు. పొయ్యి ఆపావా?"

"ఆపాననే నమ్ముతున్నానండీ."

పదహారేళ్లుగా జ్ఞానానికి నిర్వచనం చెబుతున్న మనిషి, తెలుసుకోవడానికి మొదటిసారి పరుగెత్తాడు.